కాలేజీ హూప్స్ 2కే8, ఎన్‌సీఏఏ బాస్కెట్‌బాల్ 10: ఏది ఆడాలి?

అమెరికా కాలేజీ బాస్కెట్‌బాల్‌ని ఇంట్లో కన్సోల్ మీద ఆడాలనుకుంటే ముందు చూడాల్సినవి ఈ రెండు వీడియో గేమ్‌లే. 2007లో వచ్చిన 2కే8 కవర్ మీద బాస్కెట్‌బాల్ ఆటగాడు గ్రెగ్ ఓడెన్ ఉంటాడు, 2009లో ఈఏ స్పోర్ట్స్ తెచ్చిన ఎన్‌సీఏఏ 10 (ఎన్‌సీఏఏ అంటే అమెరికా కాలేజీ క్రీడల సంఘం) మీద మరో ఆటగాడు బ్లేక్ గ్రిఫిన్.

టీవీలో మ్యాచ్ చూస్తున్నట్టు ఉండాలంటే ఎన్‌సీఏఏ 10కి తిరుగులేదు. ఒక మ్యాచ్ ఈఎస్‌పీఎన్ ఛానెల్ హంగులతో, డిక్ వైటల్ కామెంటరీతో సాగితే, ఇంకోటి సీబీఎస్ ఛానెల్ తీరులో కామెంటేటర్ గస్ జాన్సన్ గొంతుతో హోరెత్తుతుంది. మోషన్ అఫెన్స్ (జట్టంతా కదులుతూ దాడి చేసే పద్ధతి) వల్ల బంతి లేని ఆటగాళ్లు కూడా ఊరికే నిలబడరు.

కానీ 2కే8లోని లెగసీ మోడ్ ముందు ఇవన్నీ చిన్నవే. కోచ్‌గా చేరి, హైస్కూల్ కుర్రాళ్లను వెతికి, ఒప్పించి, సీజన్ తర్వాత సీజన్ జట్టు కట్టుకోవాలి. వెంటపడ్డ కుర్రాడు చివరికి పెద్ద కాలేజీకి వెళ్లిపోతే నిజంగానే బాధేస్తుంది. విడుదలై ఏళ్లు గడిచినా అభిమానులు దీనికి కొత్త రోస్టర్లు (జట్ల ఆటగాళ్ల జాబితాలు) తయారుచేస్తూ వచ్చారు.

రెండింట్లోనూ ఆటగాళ్ల అసలు పేర్లు ఉండవు, జెర్సీ నంబర్లే. ఇలాంటి గేముల్లో ఆటగాళ్ల పోలికలు వాడుకుంటున్నారని యూసీఎల్‌ఏ యూనివర్సిటీ మాజీ ఆటగాడు ఎడ్ ఓబానన్ 2009లోనే కోర్టుకెళ్లాడు. ఎన్‌సీఏఏ 10తో ఈఏ సిరీస్ ఆగిపోయింది.

స్నేహితులతో ఒక సాయంత్రం ఆడుకోవడానికి ఎన్‌సీఏఏ 10 చాలు. నెలల తరబడి ఆడేవాళ్లకు మాత్రం 2కే8నే చెప్తాను. పీఎస్3 (ప్లేస్టేషన్ 3) ఉంటే రెండూ దాని మీదే ఆడొచ్చు.