గ్రీన్ స్టఫ్: బొచ్చుకు దీని తర్వాతే ఏదైనా, ఎండాకాలం సంగతి మాత్రం అడగొద్దు

నీలం, పసుపు కలిపి పిసికితే ఆకుపచ్చగా మారి, కొన్ని గంటల్లో గట్టిపడిపోయే ముద్ద, అదే ఈ ఎపాక్సీ పుట్టీ, దీని గురించి మినియేచర్లు, అంటే చిట్టి బొమ్మలు, చేసేవాళ్లకు కొత్తగా చెప్పేదేం లేదు. పగుళ్లు పూడ్చడం, కవచాలు, బట్టల మడతలు, అవన్నీ వదిలేస్తున్నాను. నేను దీన్ని కొనేది ఒక్క పనికే: జంతువుల బొచ్చు. కొన్నేళ్లుగా తోడేళ్లు, మేకలు, ఎలుగుబంట్లు అన్నీ దీంతోనే. ఆ పనిలో దీనికి సాటి వచ్చే పుట్టీ నా చేతికి ఇంకా తగల్లేదు.

రబ్బరులా సాగుతుందని, గీసిన గీత మళ్లీ మూసుకుపోతుందని దీన్ని తిట్టేవాళ్లు చాలామంది. కలిపిన వెంటనే పని మొదలుపెడితే అంతే మరి. ఒక అరగంట పక్కన పెట్టి చూడండి. జిగురు తగ్గుతుంది, సాగే గుణం మాత్రం మిగిలే ఉంటుంది. అప్పుడు పనిముట్టు మొనతో కొంచెం లాగితే పుట్టీ తెగదు. సన్నగా సాగి, కొసదేరి, అక్కడే నిలబడుతుంది. బొచ్చు పాయకు కావాల్సింది అదే కదా, మొదట్లో లావు, చివర్లో సూదిమొన. పుటుక్కున తెగే పుట్టీల్లో ఈ కొస రాదు.

ఇదెంత బాగా పనిచేస్తుందో, ఎంత ఏడిపిస్తుందో, రెండూ ఒక్క ఎలుగుబంటి దగ్గరే తెలిశాయి. మన అడవుల్లో తిరిగే ఎలుగే. మెడ చుట్టూ, భుజాల మీద చిందరవందరగా వేలాడే జూలు, మూతి మీద మాత్రం వెంట్రుకలు అంతంతే. 1:35 స్కేల్‌లో, అంటే అసలు సైజులో 35వ వంతుకు, మొత్తం జంతువు 5 సెంటీమీటర్లకు అటూ ఇటూ. తీగ చట్రం మీద ఒళ్లంతా ముందే చేసి గట్టిపడనిచ్చాను. బొచ్చు వెనక నుంచి మొదలుపెట్టి తలవైపు రావాలి, ఇంటికి పెంకులు కప్పినట్టు, ఒక్కో కొత్త వరస పాత వరస మొదళ్లను మూస్తూ. ఒక్కో విడతకు గోరంత ముద్ద చాలు. పళ్ల డాక్టర్లు మైనం చెక్కడానికి వాడే పనిముట్టుతో ముందు పెద్ద పాయలు విడదీయాలి, ఒకటి ఇటు, ఒకటి అటు వంగేలా. సూది ఆ తర్వాతే. ముందే సూది పట్టుకుంటే వచ్చేది బొచ్చు కాదు, గీతలు.

భుజం దాకా బ్రహ్మాండంగా వచ్చింది. అక్కడ సూదికి ఏదో అడ్డం తగిలింది.

నేను వాడేది రెండు రంగులూ పక్కపక్కనే అంటుకుని ఉండే పట్టీ. అవి కలిసే అంచు ప్యాకెట్లో ఉండగానే గట్టిపడుతుంది కాబట్టి మధ్య గీత కోసి పారేస్తాం. నేనూ కోశాను, మామూలుగా కోసేదానికన్నా ఎక్కువే. కానీ ఆ పార్సిల్ వచ్చింది మే నెలలో. ఏ గోడౌన్లో ఎన్నాళ్లు ఉడికిందో, గట్టిదనం అంచు దాటి లోపలికి పాకింది. పిసికేటప్పుడు వేళ్లకు కూడా తగలనంత చిన్న పలుకులు. సూది తగిలితే పలుకు కదులుతుంది, దాంతోపాటే పక్కనున్న పాయలు లేచొస్తాయి. తీసేస్తే గుంట. పూడుద్దామంటే చుట్టూ అప్పటికే బిగుస్తోంది. చివరికి జూలంతా గీకేసి మళ్లీ మొదటికొచ్చాను. అమ్మినాయనకు ఫోన్ చేస్తే "ఎండలకు అంతే మేడమ్, మీరు ఫ్రిజ్‌లో పెట్టుకోవాల్సింది" అన్నాడు. నా దగ్గరికి వచ్చిన సాయంత్రమే విప్పాను, ఇక ఫ్రిజ్‌లో ఎప్పుడు పెట్టాలో! ఆ రెండో జూలు ఈ పట్టీతో కాదు, నీలం, పసుపు విడివిడిగా దొరికే రకం తెప్పించి చేశాను. ధర ఎక్కువే గానీ పలుకుల గొడవ లేదు.

పైన చెప్పిన అరగంట కూడా డిసెంబరు లెక్క. హైదరాబాద్ ఏప్రిల్లో పావుగంట ఆగితే చాలు, పాయలు చక్కగా వచ్చే సమయం కూడా ఆ మేరకే తగ్గిపోతుంది. పసుపు కాస్త ఎక్కువ కలిపితే నిదానంగా గట్టిపడుతుంది, కానీ జిగురు పెరిగి పనిముట్టును వదలదు. నీళ్లతో తడుపుతూ ఉండాలి. వాసెలిన్ రాస్తే రంగు వేసేముందు సబ్బునీళ్లతో కడగడం మర్చిపోవద్దు. పచ్చి ఎపాక్సీ కొందరి చర్మానికి పడదు, నైట్రైల్ గ్లవ్స్ వేసుకోండి.

సాటి లేదన్నాను గానీ, అది పొడుగు బొచ్చు వరకే. మూతి మీద, పాదాల మీద పొట్టి వెంట్రుకలు దీంతో మరీ గుండ్రంగా, నున్నగా వస్తాయి. ఇసుక కాగితంతో రుద్దితే పీచు లేస్తుంది. అలాంటి చోట్ల మిల్లీపుట్ అనే ఇంకో ఎపాక్సీ పుట్టీ సగానికి సగం కలుపుతున్నాను. పదును వస్తుంది, గట్టిపడ్డాక రుద్దుకోవడానికీ వీలు. నిజం చెప్పాలంటే ఈమధ్య నా ఎలుగుల ఒంటి మీద ఈ మిశ్రమమే ఎక్కువ ఉంటోంది, ఒట్టి గ్రీన్ స్టఫ్ జూలుకే మిగిలింది. అయితే రంగు దగ్గరికి వచ్చేసరికి ఆ జూలే పై చేయి. నలుపు మీద ముదురు గోధుమ రంగు డ్రై బ్రష్ చేస్తే, అంటే రంగు దాదాపు తుడిచేసిన బ్రష్‌తో పైపైన రుద్దితే, కొసలకు మాత్రమే అంటి, లోతుల్లో నలుపు అలాగే ఉండిపోతుంది.

కొనమంటారా అంటే, నేను ఆఫీసు పనయ్యాక రాత్రిళ్లు కూర్చునే మనిషిని, ఒక్క బొమ్మకు నెలలు పట్టినా అడిగేవాళ్లు లేరు, గదిలో ఏసీ లేదు. పొడుగు బొచ్చు జంతువులు చేస్తూ, ఏసీ కూడా ఉంటే మీరు ధైర్యంగా కొనొచ్చు. గడువు పెట్టుకుని ఆర్డర్లకు చేసేవాళ్లకు విడివిడిగా వచ్చే రకమే చెప్తాను. పులులు, చిరుతలు చేసేవాళ్లకు ఇది అంత అవసరమని నాకైతే అనిపించదు. నా తర్వాతి ప్యాక్ మాత్రం దసరా దాటాకే.