జాగ్రత్త: సిలిండర్ పవర్ ఉన్న కళ్లద్దాలను పరీక్ష చేయించకుండా తీసుకోకండి

ఆస్టిగ్మాటిజం (కంటి వంపు అన్ని దిక్కులా ఒకేలా లేక చూపు మసకబారే లోపం, దాన్ని సరిచేసేదే సిలిండర్ పవర్) ఉండి, ‘ఒకటి కొంటే ఒకటి ఉచితం’ అన్న బోర్డు చూసి కళ్లజోడు చేయించుకోబోతున్నవారు డబ్బు కట్టేముందు నాకు జరిగినది ఒకసారి చదవవలసిందిగా కోరుతున్నాను. విజయవాడలోని ఒక కళ్లద్దాల దుకాణంలో గత నెలలో రెండు జతలకు కలిపి 3,400 రూపాయలు చెల్లించాను. రెండూ తప్పే. ఒక జతలో కుడికంటి లెన్స్ కోణం తప్పింది, రెండో జతలో ఆ కంటికి ఉండవలసిన సిలిండర్ పవరే లేదు.

డాక్టరుగారి చీటీలో నా కుడికంటికి స్ఫియర్ మైనస్ 1.00, సిలిండర్ మైనస్ 2.00, యాక్సిస్ 170 అని స్పష్టంగా ఉంది. ఎడమకంటి సిలిండర్ 0.50 మాత్రమే కనుక దాని సంగతి వదిలేస్తున్నాను. స్ఫియర్ అంటే మనం మామూలుగా సైటు అని చెప్పుకునేది. సిలిండర్ ఆస్టిగ్మాటిజం కోసం. కంటి ముందుభాగంలో ఉండే కార్నియా అన్ని దిక్కులా ఒకే వంపుతో ఉండక, పక్కకు పడుకోబెట్టిన కోడిగుడ్డులా ఒక దిక్కున ఎక్కువగానూ దానికి అడ్డదిక్కున తక్కువగానూ వంగి ఉన్నప్పుడు, లోపలికి వచ్చిన వెలుతురు ఒకే బిందువు దగ్గర కలవదు. అందువల్ల దగ్గరి అక్షరమైనా దూరపు బోర్డైనా నీడ పట్టినట్టు కనిపిస్తుంది. ఆ వంపు తేడాను సరిచేసే సిలిండర్ పవర్ ఒక దిక్కున మాత్రమే పనిచేస్తుంది కాబట్టి లెన్స్‌ను ఏ కోణంలో అమర్చాలో కూడా చీటీలో రాయాలి. 1 నుంచి 180 డిగ్రీల లోపు ఉండే ఆ అంకెనే యాక్సిస్ అంటారు. మనలో చాలామంది స్ఫియర్, సిలిండర్ చూసుకుని ఈ మూడో అంకెను పట్టించుకోము. నేనూ పట్టించుకోలేదు.

కళ్లజోడు చేతికిచ్చిన రోజునే కుడికంటికి మసకగా ఉందని చెప్పాను. ‘కొత్త పవర్ కదండీ, పదిహేను రోజులు పెట్టుకోండి, అదే అలవాటైపోతుంది’ అన్నారు. ఈ మాట పూర్తిగా అబద్ధం కాదు, నేను నమ్మడానికి కారణం అదే. సిలిండర్ పవర్ కొత్తగా వచ్చినా, బాగా మారినా, కొన్నాళ్లపాటు నేల ఒకవైపు వాలినట్టు, తలుపు చట్రం ఒరిగినట్టు అనిపించడం సహజమే, అది క్రమంగా సర్దుకుంటుంది. కానీ నేల వాలినట్టు ఉండడం వేరు, అక్షరం మసకగా ఉండడం వేరు. మూడు వారాల తరువాత కూడా లెక్కల పుస్తకంలో 3కూ 8కీ తేడా తెలియక వేలు పెట్టి చూసుకోవలసి వచ్చింది. రాత్రి బెంజి సర్కిల్ దగ్గర ఎదురుగా వచ్చే బండ్ల లైట్లు గీతల్లా సాగిపోయి కనిపించేవి. సాయంత్రానికి కణతలు లాగేవి.

అసలు విషయం అనుకోకుండా బయటపడింది. స్క్రూ వదులైందని మా వీధి చివరి చిన్న షాపుకు వెళితే, అక్కడి పెద్దాయన అడగకుండానే అద్దాన్ని, లెన్స్ పవర్‌నూ కోణాన్నీ కొలిచే లెన్సోమీటర్‌లో పెట్టి చూసి, ‘మీ చీటీలో యాక్సిస్ ఎంతుందండీ? ఇందులో 150 వస్తోంది’ అన్నారు. ఇరవై డిగ్రీలే కదా అనుకుంటాం. కోణం 10 డిగ్రీలు తప్పితే సిలిండర్ లోపంలో మూడోవంతు అలాగే మిగులుతుంది, 20 తప్పితే మూడింట రెండు వంతులు మిగులుతుంది, 30 తప్పితే అద్దం పెట్టుకున్నా ఆ లోపం అంతే ఉండిపోతుంది. పైగా నాది 2.00 సిలిండర్.

ఆ పెద్దాయనే రెండో జతను చేతికిచ్చి ఇంట్లోనే చేసుకోగల పరీక్ష ఒకటి చూపించారు. కళ్లజోడును చేయి చాచినంత దూరంలో పట్టుకుని, ఒక కన్ను మూసి, లెన్స్ గుండా తలుపు నిలువు అంచును చూస్తూ కళ్లజోడును స్టీరింగ్ తిప్పినట్టు మెల్లగా అటూ ఇటూ తిప్పాలి. సిలిండర్ ఉన్న లెన్స్‌లో ఆ గీత కత్తెర ఆడినట్టు ఒరుగుతుంది, వట్టి స్ఫియర్ అయితే నిటారుగానే ఉంటుంది. నా కుడి లెన్స్‌లో గీత కదలలేదు. లెన్సోమీటర్‌లో చూస్తే వట్టి మైనస్ 2.00 స్ఫియర్ అని తేలింది, అంటే సిలిండర్‌లో సగాన్ని స్ఫియర్‌కు కలిపి, తయారుగా ఉన్న మామూలు లెన్స్‌ను వేసేశారన్నమాట. చాలా చిన్న సిలిండర్ ఉన్నప్పుడు డాక్టర్లే ఒక్కోసారి అలా రాస్తారు, అది వారి నిర్ణయం. 2.00 సిలిండర్‌ను కొనేవాడికి చెప్పకుండా తీసేసి, బిల్లు మీద మాత్రం చీటీలోని పవర్ అంతా ముద్రించి ఇవ్వడాన్ని నేను పొరపాటు అనలేను.

దుకాణంలో అడిగితే, ‘మీరు తుడిచేటప్పుడు లెన్స్ తిరిగిపోయి ఉంటుంది’ అన్నారు. గుండ్రటి ఫ్రేములో అలా తిరగడానికి అవకాశముంది, అటువంటి ఫ్రేములు ఇష్టపడేవారు గుర్తుంచుకోవలసిన మాటే. కానీ నాది దీర్ఘచతురస్రపు ఫ్రేము, అందులో లెన్స్ తిరగదు. ఆ జవాబు చెల్లకపోయేసరికి, ‘మీ కంటికి అద్దాలు పడవు సార్, కాంటాక్ట్ లెన్సులు తీసుకోండి’ అని మామూలు మెత్తటి లెన్సుల ధర చెప్పారు. నా వంటి సిలిండర్‌కు అవి పనికిరావు, సిలిండర్ పవర్ కూడా ఉండే టోరిక్ రకం కావాలి. టోరిక్ లెన్స్ రెప్ప కొట్టినప్పుడల్లా గిరగిరా తిరగకుండా తన కోణంలో నిలవాలి కాబట్టి, కంటికి పెట్టి, కాసేపు ఆగి, అది ఎక్కడ నిలిచిందో చూసిన తరువాతే కొనాలి. పెట్టె మీద పవర్ చూసి కొనే వస్తువు కాదు.

చివరికి లేజర్ చికిత్సకు ‘మా ద్వారా వెళితే తగ్గింపు’ అని ఒక కార్డు కూడా చేతిలో పెట్టారు. లేజర్‌తో ఆస్టిగ్మాటిజం తగ్గే మాట నిజమే, అయితే వయసు 18 దాటి ఉండాలి, కనీసం ఏడాదిగా పవర్ నిలకడగా ఉండాలి, కార్నియా మందాన్నీ వంపులనూ కొలిచే పరీక్ష తప్పనిసరిగా జరగాలి. సిలిండర్, యాక్సిస్ తరచుగా మారిపోతున్నవారిలో, ముఖ్యంగా కళ్లు గట్టిగా నలుపుకునే అలవాటున్న పిల్లల్లో, కార్నియా పలచబడి ముందుకు పొడుచుకొచ్చే కెరటోకోనస్ ఉండవచ్చు. అది ఉన్నవారికి ఇటువంటి లేజర్ ప్రమాదకరం. ఇది తేల్చవలసినది కంటి డాక్టరు, కౌంటర్ దగ్గర కూర్చున్న అమ్మకందారు కాదు. ఇక కంటి వ్యాయామాలతోనో చుక్కల మందుతోనో సిలిండర్ పోతుందని చెప్పేవారికి డబ్బు ఇవ్వకండి, కార్నియా వంపు వాటితో మారదు.

డాక్టరుగారి చీటీ, బిల్లు, రెండు లెన్సోమీటర్ రీడింగుల ఫోటోలు దగ్గర పెట్టుకుని, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేశాను. నాలుగో రోజున దుకాణం నుంచే ఫోన్ వచ్చింది. మొదటి జత తిరిగి చేసి ఇచ్చినప్పుడు నా కళ్ల ముందే లెన్సోమీటర్‌లో పెట్టించి, రెండు కళ్ల రీడింగులూ బిల్లు వెనుక రాయించి సంతకం చేయించుకున్నాను. కుడికంటికి యాక్సిస్ 170 వచ్చింది. ఈసారి 3, 8 మొదటి రోజునే విడివిడిగా కనిపించాయి. ‘ఉచితం’ జత మాత్రం ఇంకా రాలేదు. సిలిండర్ లెన్స్ ఆర్డర్ పెట్టామని ఇప్పటికి రెండుసార్లు చెప్పారు.