ఆరు నెలలుగా వాడుతున్న బైకు బ్యాటరీ ఛార్జర్

కాలు విరిగి మూడు నెలలు మంచం మీద ఉన్నాను. లేచాక మొదటి పని బండి తీయడం. సెల్ఫ్ నొక్కితే టకటకమని చప్పుడే తప్ప ఇంజను కదల్లేదు. నా బండికి కిక్కు లేదు. బండి ఆపి పెట్టినా గడియారం, అలారం కొంచెం కొంచెంగా కరెంటు తాగుతూనే ఉంటాయి. దానికి తోడు బ్యాటరీ తనంతట తానే కొంత దిగిపోతుంది. మూడు నెలలంటే ఎక్కువే. అలా కొన్నదే ఈ ఒక ఆంపియర్ ఆటోమేటిక్ ఛార్జర్. అరచేతిలో పట్టేంత పెట్టె, మూడు దీపాలు, ఒకటే బటన్.

తెచ్చిన రోజే మొండికేసింది. క్లిప్పులు తగిలించగానే ఎర్ర దీపం మిణుకుమిణుకుమంది, ఛార్జింగ్ మాత్రం మొదలవలేదు. మల్టీమీటరుతో చూస్తే 12 వోల్టుల బ్యాటరీలో 7.8 వోల్టులే ఉన్నాయి. వోల్టేజీ మరీ పడిపోతే ఇలాంటి ఛార్జర్లు అసలు అక్కడ బ్యాటరీయే లేదనుకుంటాయి. ఆ సంగతి ఛార్జరుతో వచ్చిన సూచనల కాగితంలో చివరి పేజీలో, చీమలంత అక్షరాల్లో ఉంది. చివరికి అటక మీద నుంచి మా పాత ట్రాన్స్‌ఫార్మర్ ఛార్జరును దించాను. అయిదేళ్ల కిందట రాత్రంతా వదిలేస్తే ఒక బ్యాటరీలో నీళ్లు మరగబెట్టి, పలకలు బయటపడేదాకా ఆవిరి చేసిన ఘనత దానిది. ఇరవై నిమిషాలు పక్కనే కూర్చుని దానితో ఎక్కిస్తే వోల్టేజీ లేచింది. అప్పుడు గానీ కొత్త దొరగారు బ్యాటరీని గుర్తుపట్టలేదు.

ఒకసారి గుర్తుపట్టాక పనితనానికి వంక పెట్టలేను. నాది 9 ఆంపియర్ అవర్ బ్యాటరీ. సామర్థ్యంలో పదో వంతు కరెంటుతో ఎక్కించడం మంచిదంటారు, ఆ లెక్కకు ఇది సరిగ్గా సరిపోయింది. పదకొండు గంటలకు పచ్చ దీపం వెలిగింది. తర్వాత దానంతట అదే 13.5 వోల్టుల దగ్గరకు దిగి నిలబడింది. అలా వారాల తరబడి వదిలినా బ్యాటరీ వేడెక్కలేదు, యాసిడ్ వాసన రాలేదు.

పచ్చ దీపాన్ని మాత్రం గుడ్డిగా నమ్మకండి. ఛార్జర్ తీసిన వెంటనే మీటరు చూపించే అంకె ఉత్త పొంగు. రాత్రంతా వదిలి పొద్దున చూస్తే నా బ్యాటరీ 12.7 దగ్గర నిలిచింది. అది నిండు బ్యాటరీ లక్షణం. మా బావగారి బండి బ్యాటరీకీ ఇదే పచ్చ దీపం వెలిగింది, ఆయన మురిసిపోయారు. తెల్లారేసరికి 12.2కు దిగింది, సెల్ఫ్ నొక్కితే 8కి కూలింది. నెలల తరబడి ఛార్జింగ్ లేక లోపలి సీసపు పలకల మీద సల్ఫేటు పొర గట్టిపడ్డ బ్యాటరీని ఏ ఛార్జరూ మళ్లీ కొత్తది చేయలేదు. దీపం చెప్పేది ఛార్జర్ పని ముగిసిందనే, బ్యాటరీ ఆరోగ్యంగా ఉందని కాదు.

ఇక నాకు నిజంగా కోపం తెప్పించిన లోపం ఒకటుంది. కరెంటు పోయి వస్తే ఇది తిరిగి మొదలుకాదు. ఎవరో వచ్చి బటన్ నొక్కేదాకా ఊరకే కూర్చుంటుంది. నెలల తరబడి వదిలేయడానికే కొనుక్కునే వస్తువుకు ఈ గుణం ఏమిటి? పైగా మామూలు బ్యాటరీకీ, లిథియం బ్యాటరీకీ మధ్య తేడా ఆ బటన్ మీద ఒక్క నొక్కే. చీకట్లో పొరపాటు జరగడానికి ఎంతో సేపు పట్టదు.

క్లిప్పులు నాసిరకం, స్ప్రింగులో పట్టు లేదు. కానీ పెట్టెలో ఫ్యూజుతో వచ్చిన చిన్న తీగ ఒకటుంది. దాని రింగులను టెర్మినళ్లకు బిగించి, రెండో కొస సీటు కింద నుంచి బయటకు వదిలితే ఇక సీటు విప్పే పనే ఉండదు. ఛార్జర్ మొత్తంలో నాకు బాగా నచ్చింది అదే. బిగించేటప్పుడు టెర్మినళ్ల మీది తెల్లటి బూజును వంటసోడా నీళ్లతో తుడిచి, ఆరాక వాజిలిన్ రాశాను.

అయిదుకు మూడున్నర ఇస్తాను. పాత ట్రాన్స్‌ఫార్మర్ ఛార్జరును మళ్లీ అటక ఎక్కించలేదు, ఇప్పుడు రెండూ ఒకే అరలో ఉన్నాయి.