అమ్మతో గుంటూరు నుంచి వైజాగ్: మెట్లు లెక్కపెట్టుకుంటూ చేసిన ప్రయాణం

మా అమ్మకు 74 ఏళ్లు. రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. నేల చదునుగా ఉంటే వాకర్ పట్టుకుని మెల్లగా వంద గజాలైనా నడుస్తుంది. మెట్టు ఎదురైతే మాత్రం అక్కడే నిలబడిపోతుంది. వైజాగ్‌లో అక్క కొత్తింటి గృహప్రవేశానికి తీసుకెళ్లాలి. వెళ్లేది మేమిద్దరమే. సామాను మోసేదీ, అమ్మను పట్టుకునేదీ నేనే.

మామూలుగా టికెట్ తీసేటప్పుడు ఏ రైలు తొందరగా వెళ్తుంది, ఏసీ ఉందా అని చూస్తాం. ఈసారి మా ఇంటి గుమ్మం నుంచి అక్క ఇంటి గుమ్మం దాకా అమ్మ ఎక్కాల్సిన, దిగాల్సిన మెట్లన్నీ ఒక కాగితం మీద రాసుకున్నాను. ఆ లెక్క వేశాకే రైలు సంగతి తేలింది.

గుంటూరులో ఉండేవాళ్లకు వైజాగ్ వెళ్లడానికి దారులు చాలానే ఉన్నాయి. విజయవాడ దాకా వెళ్తే రైళ్లకు కొదవ లేదు. రత్నాచల్ విజయవాడలోనే బయల్దేరుతుంది కానీ దానికోసం తెల్లవారకముందే ఇల్లు వదలాలి. సాయంత్రం వందేభారత్ ఉంది, కాకపోతే సికింద్రాబాద్ నుంచి వచ్చి విజయవాడలో కొద్ది నిమిషాలే ఆగుతుంది, వైజాగ్ చేరేసరికి అర్ధరాత్రి అవుతుంది. సింహాద్రి మాత్రం గుంటూరులోనే బయల్దేరుతుంది. నెమ్మది రైలే, పగలంతా కూర్చోవాలి. అయినా నేను దానికే టికెట్ తీశాను.

కారణం ఒక్కటే. మన ఊళ్లో బయల్దేరే రైలైతే ముందుగానే ప్లాట్‌ఫాం మీద పెడతారు. ఎవరూ తొయ్యరు, వెనకనుంచి "ఎక్కండి ఎక్కండి" అని ఎవరూ అరవరు. మధ్య స్టేషన్‌లో రెండు మూడు నిమిషాలు ఆగే రైలు ఎక్కించడానికీ దీనికీ చాలా తేడా ఉంది. మోకాళ్లు లేవనివాళ్లను తీసుకెళ్లేవాళ్లు ఏసీ కంటే, వేగం కంటే ముందు చూడాల్సింది ఇదేనని నా గట్టి అభిప్రాయం.

రెండు రోజుల ముందు స్కూటీ మీద స్టేషన్‌కు వెళ్లి చూసి వచ్చాను. ఏ ప్లాట్‌ఫాం మీద పెడుతున్నారు, మా బోగీ ఎక్కడ ఆగుతుంది, వీల్‌చైర్ ఎవరిని అడగాలి, అన్నీ కనుక్కున్నాను. వీల్‌చైర్‌కు స్టేషన్ మేనేజర్ ఆఫీసులో అడగాలి, గుర్తింపు కార్డు చూపించాలి. కుర్చీకి డబ్బులేమీ లేవు. తోసేందుకు పోర్టర్‌ను పెట్టుకుంటే ఆయనకు ఇచ్చేది ఇవ్వాలి, ఎంతో ముందే మాట్లాడుకోవాలి. మా రోజున రైలు ఒకటో నంబరు మీదే పెట్టారు కాబట్టి వంతెన, లిఫ్ట్ గొడవ లేకపోయింది. రోజూ అలాగే పెడతారని అనుకోవద్దు, ఆ రోజు ఉదయం మళ్లీ అడగండి.

సామాను దగ్గర నేను మొండిగా ఉన్నాను. రిజర్వేషన్ సీట్లకు, స్లీపర్‌కు రైల్వే 35, 40 కిలోల దాకా ఉచితంగా తీసుకెళ్లనిస్తుంది. కానీ మన లెక్క కిలోలది కాదు, చేతులది. రెండు చేతులూ అమ్మకు కావాలి. అందుకని ఒక బ్యాక్‌ప్యాక్ నా వీపు మీద, ఒక చిన్న ట్రాలీ పోర్టర్ చేతిలో, అంతే. అక్కకు పెట్టే చీరలు, గోంగూర పచ్చడి, మిరపకాయలు, ఇత్తడి కుందులు అన్నీ ఒక అట్టపెట్టెలో కట్టి మూడు రోజుల ముందే ఆర్టీసీ కార్గోలో వేశాను. "పచ్చడి జాడీ నా ఒళ్లో పెట్టుకుంటాను" అని అమ్మ ఎంత అన్నా వినలేదు. మందులు, నీళ్లు, ఒక జత బట్టలు మాత్రం చేతిసంచిలో.

ఇంటి నుంచి స్టేషన్‌కు కారు కంటే ఆటోయే నయమనిపించింది. చిన్న కార్లలో సీటు కిందికి ఉంటుంది, కూర్చోవడం ఎలాగో కూర్చున్నా లేవడానికి మోకాళ్ల మీద బరువంతా పడుతుంది. ఆటోలో సీటు ఎత్తుగా ఉంటుంది, పట్టుకోవడానికి కడ్డీ ఉంటుంది.

ఇక అసలైన చోటు బోగీ తలుపు. మన దగ్గర ఎత్తు ప్లాట్‌ఫాం అంటే పట్టా నుంచి 76 నుంచి 84 సెంటీమీటర్లు. కొత్త బోగీల నేల పట్టా నుంచి దాదాపు 130 సెంటీమీటర్లు. అంటే ప్లాట్‌ఫాం మీదికి వీల్‌చైర్‌లో హాయిగా వచ్చేసినా, అక్కడినుంచి ఇంకో అరమీటరు ఎక్కాలి. లిఫ్టులు, ర్యాంపులు, ఎస్కలేటర్లు అన్నీ మనల్ని ఆ తలుపు దాకా తెచ్చి వదిలేస్తాయి. మెట్లు లేని రైలు ప్రయాణం అని ఎవరైనా అంటే ఈ అరమీటరు సంగతి ముందు అడగండి.

అమ్మకు ఫిజియోథెరపీ చేసే అమ్మాయి ఒక మాట చెప్పింది: ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు. వారం రోజులు ఇంటి అరుగు మీద అదే చేయించాను. గుంటూరులో పోర్టర్ ముందు లోపలికెక్కి వాకర్ అందుకున్నాడు. అమ్మ రెండు చేతులతో తలుపుకు అటూ ఇటూ ఉన్న కడ్డీలు పట్టుకుంది. నేను వెనక నడుము దగ్గర చెయ్యి ఆనించి నిలబడ్డాను. "ఎడం కాలు పెట్టు మామ్మా, తొందరేం లేదు, బండి ఇప్పుడే కదలదు" అన్నాడతను. అమ్మ ఎడమ కాలు ఇనప మెట్టు మీద పెట్టి, కళ్లు మూసుకుని ఒక్క క్షణం ఆగింది. కడ్డీ మీద వేళ్లు తెల్లబడ్డాయి. తర్వాత మెల్లగా కుడికాలు లాక్కుంది. మూడుసార్లు అలా. లోపలికొచ్చి సీట్లో కూర్చున్నాక చూసుకుంటే ఆరు నిమిషాలు పట్టింది. మధ్య స్టేషన్‌లో ఆరు నిమిషాలు ఎవరిస్తారు?

రైలు కృష్ణ దాటుతుంటే అమ్మ కొంగు ముడి విప్పి రూపాయి బిళ్ల తీసి కిటికీలోంచి నదిలో వేసి దండం పెట్టుకుంది. రాజమండ్రి దగ్గర గోదావరికి ఇంకొకటి. ఆ పగటి ప్రయాణమంతటిలో ఆమె ముఖం అలా వెలిగింది ఆ రెండుసార్లే.

ఇబ్బంది బాత్రూమ్‌తో వచ్చింది. నడుస్తున్న రైల్లో వాకర్ పనికిరాదు, సీట్ల మధ్య సందు దానికి చాలదు. తలుపుకు దగ్గరగా సీటు పడేలా చూసుకుని ఉండాల్సింది, నాకు ఆ ఆలోచన రాలేదు. రైలు పెద్ద స్టేషన్‌లో ఆగినప్పుడే తీసుకెళ్లాను. దానికి భయపడి అమ్మ మధ్యాహ్నం దాకా నీళ్లు సరిగ్గా తాగలేదు. పెద్దవాళ్లు ఈ సంగతి బయటికి చెప్పరు, మనమే గమనించాలి.

తిరుగు ప్రయాణానికి వందేభారత్ తీసుకున్నాను. అది వైజాగ్‌లోనే బయల్దేరుతుంది కాబట్టి నా సూత్రం అక్కడా పనికొచ్చింది. పొద్దున ఆరు కాకముందే బయల్దేరి పదింటికల్లా విజయవాడ చేరుస్తుంది. తలుపు తెరుచుకోగానే కింద నుంచి ఒక పలక బయటికి జారి ప్లాట్‌ఫాంకూ బోగీకీ మధ్య ఉన్న సందును మూస్తుంది. అమ్మకు ఎక్కువ భయం ఆ సందే కాబట్టి ఇది పెద్ద మేలు. రెండు చివరల ఉన్న బోగీల్లో వీల్‌చైర్‌కు చోటు, వెడల్పాటి బాత్రూమ్ ఉంటాయి. టికెట్ తీసేటప్పుడు ఆ బోగీ అడగండి. తలుపులు వాటంతటవే మూసుకుంటాయి కాబట్టి సాగనంపడానికి వచ్చినవాళ్లు లోపలికి ఎక్కకూడదు. మా బావగారిని నేను ప్లాట్‌ఫాం మీదే ఆపేశాను. కిటికీ తెరుచుకోదు గనక గోదావరికి బిళ్ల వేయలేకపోయింది అమ్మ. అద్దానికి అరచెయ్యి ఆనించి దండం పెట్టుకుంది.

విజయవాడలో దిగడం గురించి రాత్రంతా టెన్షన్ పడ్డాను. అక్కడ 10 ప్లాట్‌ఫాంలు, ఎప్పుడు చూసినా జనం, ఏ నంబరు మీదికి వస్తుందో ముందు రోజు చెప్పలేరు. ఏలూరు దాటగానే అమ్మను లేపి తలుపు దగ్గరకు తెచ్చేశాను. దిగేటప్పుడు వెనక్కి తిరిగి, నిచ్చెన దిగినట్టు, బోగీ వైపు ముఖం పెట్టి దింపాను. అలా అయితే చేతులు కడ్డీ మీదే ఉంటాయి. జనం వెళ్లిపోయేదాకా ఒక బెంచీ మీద కూర్చున్నాం. వీల్‌చైర్ తెచ్చిన పోర్టర్ లిఫ్ట్ దగ్గరకు తీసుకెళ్లాడు. లిఫ్ట్ పనిచేసింది. ఇంతకుముందు వేరే ఊళ్లో ఒక పెద్ద స్టేషన్‌లో లిఫ్ట్ ఆగిపోయి, అమ్మను కుర్చీతో సహా నలుగురు మోసుకెళ్లిన రోజు గుర్తుంది. అమ్మ ఆ రోజు సిగ్గుతో ఎవరి ముఖం వైపూ చూడలేదు. అందుకే లిఫ్ట్ ఉందా అని అడిగి ఊరుకోను, ఈ రోజు నడుస్తోందా అని కూడా అడుగుతాను. తొందరపడి పట్టాలు దాటించే ఆలోచన మాత్రం ఎవరు చెప్పినా వినకండి.

ఒక రాత్రి విజయవాడలో ఉండి అమ్మవారి దర్శనం చేయించాలని గది తీసుకున్నాను. స్టేషన్ దగ్గర ఒక లాడ్జి. ఫోన్‌లో "లిఫ్ట్ ఉందండి, ఏ ఇబ్బందీ లేదు" అన్నారు. వెళ్లి చూస్తే రోడ్డు మీద నుంచి రిసెప్షన్‌కు ఐదు మెట్లు, కడ్డీ కూడా లేదు. లిఫ్ట్ ఆ ఐదు మెట్లూ ఎక్కాక ఉంది! గదిలో బాత్రూమ్ గడప జానెడు ఎత్తు. అడ్వాన్స్ వదులుకుని ఇంకోచోటు వెతుక్కున్నాం. రెండోసారి ప్రశ్న మార్చాను: "ఆటో దిగిన దగ్గర్నుంచి మంచం దాకా ఎన్ని మెట్లు? బాత్రూమ్ నేల గది నేలతో సమంగా ఉందా? ఫొటో పంపుతారా?" ఫొటో పంపినవాళ్ల దగ్గరే దిగాం. వాకర్ నేరుగా లోపలికి వెళ్లింది. గది చిన్నదే, ఏసీ కొంచెం శబ్దం చేసింది. అవేవీ అమ్మకు పట్టలేదు. కమోడ్ పక్కన గోడకు ఒక స్టీలు కడ్డీ బిగించి ఉంది. దాన్ని పట్టుకుని తనంతట తాను లేచి వచ్చి, "నువ్వు రానక్కర్లేకపోయింది" అంది. ఆ ఒక్క మాటకు ఆ గదికి ఎంతిచ్చినా తక్కువే అనిపించింది.

ఇంద్రకీలాద్రి మీదికి మహామండపం వైపు లిఫ్ట్ ఉంది కాబట్టి మెట్ల దారి అవసరం లేదు. అయినా లైన్లో నిలబడాలి కదా. రద్దీ లేని రోజు, పొద్దున్నే వెళ్లడమే మంచిది.

రాత్రి ప్రయాణం చేసేవాళ్లకు ఒక్క సంగతి. కింది బెర్త్ కోటా 45 దాటిన ఆడవాళ్లకు, 60 దాటిన మగవాళ్లకు ఉంది. కానీ ఒక్కరే వెళ్తేనో, అర్హత ఉన్న ఇద్దరు ఒకే టికెట్ మీద వెళ్తేనో వర్తిస్తుంది. అమ్మకు తోడుగా కొడుకునో మనవరాలినో అదే టికెట్‌లో కలిపితే ఆ కోటా దొరకదు. చాలామంది ఇక్కడే పొరపాటు చేస్తారు. పెద్దవాళ్ల టికెట్ రాయితీ 2020 మార్చి నుంచి లేదు. దివ్యాంగుల రాయితీ మాత్రం ఉంది: తోడు లేకుండా ప్రయాణం చేయలేనివాళ్లకు స్లీపర్‌లో, థర్డ్ ఏసీలో 75 శాతం, తోడు వెళ్లేవాళ్లకూ అంతే. రిజర్వేషన్ 60 రోజుల ముందు మొదలవుతుంది. మొదటి రోజే తీసుకుంటే తలుపు పక్క సీటో, కింది బెర్తో దొరికే అవకాశం ఎక్కువ.

విజయవాడ నుంచి గుంటూరుకు బస్సు అనుకోలేదు, ఆ మొదటి మెట్టు అమ్మకు అందదు. కారు మాట్లాడుకుని వచ్చేశాం, ముందు సీటు వెనక్కి జరిపి సీటు మీద మడిచిన దుప్పటి వేసి ఎత్తు చేశాను.

ఇప్పుడు అమ్మ తిరుపతి అంటోంది. సికింద్రాబాద్ నుంచి తిరుపతి వెళ్లే వందేభారత్ గుంటూరులో ఆగుతుంది కానీ ఆగేది కాసేపే. అమ్మకు ఆరు నిమిషాలు కావాలి. వచ్చే వారం ఒకరోజు ఆ రైలు వచ్చే వేళకు స్టేషన్‌కు వెళ్లి, ఏ ప్లాట్‌ఫాం మీదికి వస్తుందో, చివరి బోగీ ఎక్కడ ఆగుతుందో, తలుపు ఎంతసేపు తెరిచి ఉంటుందో గడియారం పెట్టుకుని చూసి వస్తాను.