రంధా మిషన్, కట్టర్ టేబుల్ స్విచ్‌లు: ఏండ్ల తరబడి వాడినంక

తెలంగాణల వ్యవసాయానికి 2018 జనవరి 1 నుంచి 24 గంటల కరెంటు ఇచ్చినప్పుడు బోర్ల కాడ ఆటో స్టార్టర్లు (కరెంటు రాంగనే మోటర్‌ను లేపే పెట్టెలు) తీసేయమని రైతులకు చెప్పిన్రు. కరెంటు రాంగనే దానంతటదే లేచే మోటర్ రంపం కింద ఉంటే ఇంకా ప్రమాదం. అయినా నల్లగొండ దిక్కు వడ్రంగి షెడ్లల్ల చాలా మిషన్లకు గోడ మీది 16 ఆంపియర్ల పవర్ స్విచ్చే ఉంటది. కరెంటు పోతే దాన్ని ఆఫ్ చేసుడు యాదికుండదు. బ్లేడుకు ఇరికిన చెక్క గుంజుతుండంగనే లైన్ వస్తది.

మా షెడ్డుల 1 హెచ్‌పీ కట్టర్‌కు నో-వోల్ట్ పుష్ బటన్, 2 హెచ్‌పీ రంధాకు డీవోఎల్ స్టార్టర్ (మోటర్‌ను నేరుగ లైన్‌కు కలిపే పెట్టె) వాడుతున్నం. రెండిట్ల కరెంటుతో అయస్కాంతమయ్యే కాయిల్ పట్టుకుంటేనే పాయింట్లు (కరెంటును కలిపే లోహపు బిళ్లలు) కలిసుంటయి. కరెంటు పోతే విడిపోతయి, పచ్చ బటన్ మళ్ల నొక్కేదాక మోటర్ తిరగదు.

పవర్ స్విచ్ మీది 16 అనేది హీటర్ లాంటి లోడ్ లెక్క. సింగిల్ ఫేజ్ 2 హెచ్‌పీ మోటర్ నడుస్తున్నప్పుడు 11, 12 ఆంపియర్లు తీసుకున్నా, లేచేటప్పుడు అయిదారింతలు గుంజుతది. పాయింట్లు అతుక్కున్నయంటే ఆఫ్ కొట్టినా మిషన్ ఆగదు. కాంటాక్టర్ (స్టార్టర్‌ల కాయిల్, పాయింట్లు ఉండే భాగం) కొనేటప్పుడు ఏసీ-3, అంటే మోటర్ లోడ్‌కు రాసిన ఆంపియర్లే చూడాలె. ఏసీ-1 అంకె పెద్దగుంటది, అది హీటర్ లాంటి లోడ్‌కు, మోటర్‌కు పనికిరాదు.

పుష్ బటన్ చవక, బిగించుడు అల్క. కానీ మామూలు రకంల ఓవర్‌లోడ్ రిలే (మోటర్ ఎక్కువ కరెంటు గుంజితే ఆపేది) ఉండదు, తడి కర్ర కోస్తే మోటర్ కాలుతది. అందుకే రంధాకు స్టార్టరే నయం. మూడు పోళ్ల (కరెంటు పోయే మూడు దారుల) రిలేను సింగిల్ ఫేజ్‌కు వాడితే కరెంటు మూడు పోళ్లల్లకెల్లి పోయేటట్టు వైరు తిప్పి కలపాలె. లేకుంటే ఫేజ్ పోయిందనుకొని ఊకె ట్రిప్ అయితది. మే నెలల రేకుల షెడ్డు వేడికి కూడా ముందే ట్రిప్ కావచ్చు. రిలే మీది డయల్‌ను మోటర్ ప్లేటు మీద రాసిన ఆంపియర్ల కాడనే ఉంచి, పెట్టెను ఎండ తగిలే గోడ నుంచి నీడకు మార్చాలె.

వోల్టేజీ 195 కంటే తగ్గితే కాంటాక్టర్ గుర్రుమంటది. అట్ల నడిపిస్తే పాయింట్లు కాలుతయి. కాలిన పాయింట్లను ఉప్పు కాగితంతో రుద్దొద్దు, పైనున్న వెండి మిశ్రమం అరుగుతది, పాయింట్ల సెట్టే మార్చాలె. రంపం పొట్టు పోకుండ పెట్టె మూతకు రబ్బరు ఉండాలె.

బిగించినంక మోటర్‌ను ఖాళీగ నడిపి, మెయిన్ దించి మళ్ల ఎత్తాలె. దానంతటదే లేస్తే వైరింగ్ తప్పు, బ్లేడు ఎక్కించొద్దు.