ఇసకపల్లి ఉప్పు మడుల్లో 20–60 స్కోపు: 18,500 పెట్టొచ్చా?

స్కోపంటే ట్రైపాడ్ మీద పెట్టి దూరపు పిట్టల్ని చూసే దుర్బిణి. డబ్బా మీద 20–60×80 అని రాసి ఉంటుంది, అంటే 20 నుంచి 60 రెట్లు పెద్దగా చూపిస్తుంది, ముందు అద్దం వెడల్పు 80 మిల్లీమీటర్లు. అందులో ఆ 60ని పెన్నుతో కొట్టేసి, 20 నుంచి 35 దాకా పనికొచ్చే స్కోపు అనుకుని కొనుక్కోండి, ఏ టెన్షనూ ఉండదు. నేను 60 చూసే కొన్నాను.

నెల్లూరు జిల్లా అల్లూరు దగ్గర ఒక ఆక్వా ల్యాబ్‌లో నా ఉద్యోగం. రోజంతా రొయ్యల గుంటల నీళ్లు పరీక్ష చేయడం, సెలవొస్తే తెల్లారకముందే ఇసకపల్లి ఉప్పు మడుల గట్లెక్కి పిట్టల్ని లెక్కపెట్టడం. ఎనిమిదేళ్లు 8×42 బైనాక్యులర్‌తోనే నెట్టుకొచ్చాను. దూరంగా ఉన్న గుంపు కనిపిస్తే నోటుబుక్‌లో 'సాండ్ ప్లోవర్ (బురదలో మేసే చిన్న పిట్ట), ఏదో ఒకటి' అని రాసుకునేవాణ్ణి. ఏటా జనవరిలో జరిగే ఆసియా నీటిపక్షుల గణన 1987 నుంచి నడుస్తోంది. దానికి 'ఏదో ఒకటి' అని లెక్క పంపాలంటే నాకే నామోషీగా ఉండేది. అందుకని స్కోపుకి 18,500, ట్రైపాడ్‌కి ఇంకో 4,200 పెట్టాను. మా ఇంట్లో ఫ్రిజ్ తలుపుకి ఇంకా తాడే కట్టి ఉంది. ఆ సంగతి మా ఆవిడ రోజుకోసారి గుర్తుచేస్తుంది.

గ్రేటర్, లెస్సర్ సాండ్ ప్లోవర్లను విడదీయగలనా లేదా అన్నదే నా అసలు పరీక్ష. చలికాలంలో రెండూ ఒకే మట్టిరంగు. ముక్కు మొదలు నుంచి కన్ను వెనక అంచు దాకా ఎంత దూరమో చూసుకుని, దాని పక్కన ముక్కు పొడవు పెట్టి చూడాలి. ముక్కే పొడవుగా ఉంటే గ్రేటర్. 30 దగ్గర ఈ స్కోపులో ఆ తేడా తెలిసిపోతుంది, కాళ్ల పసుపుపచ్చ ఛాయ కూడా కనిపిస్తుంది. (2023లో, పిట్టల లెక్కలు నమోదు చేసుకునే వెబ్‌సైట్ ఈబర్డ్ ఆ లెస్సర్‌నే సైబీరియన్, టిబెటన్ అని రెండుగా చీల్చింది. మన తలనొప్పి చాలదన్నట్టు.) ఒక తిరకాసు మాత్రం ఏ అద్దమూ తీర్చదు. పోటు వేళకి మొగ (ఏరు సముద్రంలో కలిసే చోటు) దగ్గర బురదలో మేసే పిట్టలన్నీ మడుల గట్ల మీదికి చేరతాయి. తలలు లెక్కపెట్టడానికి అంతకంటే మంచి సమయం లేదు. కానీ అప్పుడు సగం పిట్టలు ఒంటికాలి మీద నిలబడి ముక్కు రెక్కల్లో దాచేసుకుంటాయి!

మన సముద్రం తూర్పున ఉంది కాబట్టి పొద్దున సముద్రం వైపు గట్టు మీద నిలబడి పడమటికి చూడండి, వెలుగు వీపు మీద పడుతుంది. తొమ్మిదిన్నర దాటితే మడుల మీద గాలి సెగలాగా ఆడుతుంది, ఇక ఏ పవర్ పెట్టినా పిట్ట నీళ్లలో నీడలా వణుకుతూనే ఉంటుంది. పైగా 60కి తిప్పితే కంటికి చేరే వెలుగు బాగా తగ్గిపోతుంది. 80ని 60తో భాగిస్తే ఒక మిల్లీమీటరు, దాని మీద ఇంకో మూడోవంతు, అంత సన్నటి వెలుగు పుంజమే కంట్లో పడేది. 20 దగ్గర అది నాలుగు మిల్లీమీటర్లు.

మొన్న సంక్రాంతి తర్వాత మడి తొక్కుతున్న పెద్దాయన ఒకాయన "నేనూ చూస్తానబ్బయా" అని వచ్చాడు. కన్ను పెట్టే చోటు ఏటవాలుగా ఉండే మోడల్ కాబట్టి ట్రైపాడ్ దించకుండానే చూడగలిగాడు. ఒక్క నిమిషం ఊరుకుని, "ఏందబ్బయా, దాని కాలికి తాయెత్తు కట్టుండారే!" అన్నాడు. కర్లూ సాండ్‌పైపర్. ఏ పిట్టో గుర్తుపట్టడానికి పరిశోధకులు అక్షరాలు రాసి కట్టిన ప్లాస్టిక్ ఫ్లాగ్. గంట నుంచీ అదే గుంపుని లెక్కపెడుతున్న నాకు కనపడలేదు! ఆత్రంగా 60కి తిప్పాను, మసక. 35కి తెచ్చాను, మూడక్షరాల్లో రెండు దొరికాయి, మూడోది బురదలో ఉండిపోయింది. ఈ పిట్టని, ఏ జీవులకి ఎంత ముప్పుందో జాబితా రాసే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ 2024 అక్టోబరులో ముప్పున్న జాతుల్లోకి చేర్చింది. ఆ ఒక్క అక్షరం పోయినందుకు రెండు రోజులు అన్నం సయించలేదు.

పడవలో దీన్ని తీసుకెళ్లకండి. జువ్వలదిన్నె వైపు ఒకసారి తీసుకెళ్లాను. టర్న్‌లనే సముద్రపక్షులేమో పైన, అలలేమో కింద, నేనేమో కళ్లు తిరిగి పడవ అంచున. సముద్రపక్షుల లెక్క పడవకి ఒక పక్క 300 మీటర్ల వరకు చూసి రాసుకుంటూ పోయే పద్ధతి, దానికి బైనాక్యులరే.

ట్రైపాడ్ కాళ్లు బురదలో దిగబడుతుంటే పాత హవాయి చెప్పులు గుండ్రంగా కోసి తొడిగాను, బ్రహ్మాండంగా ఉన్నాయి. గాలికి ఊగకుండా నడిమి కొక్కేనికి రెండు లీటర్ల నీళ్ల సీసా వేలాడదీస్తాను. కాళ్ల క్లిప్పులు ఇంటికి రాగానే మంచినీళ్లతో కడగకపోతే రెండో వారానికి ఉప్పు పట్టి బిగుసుకుంటాయి. ఫోన్ తగిలించే అడాప్టర్ దండగ, 900 పోయాయి.

వాటర్‌ప్రూఫ్ అని చెప్పి అమ్మారు గానీ మంచు కురిసిన పొద్దున లోపలి అద్దానికి ఆవిరి పట్టింది. కొన్న కొట్టుకి ఫోన్ చేస్తే బియ్యం డబ్బాలో పెట్టమన్నారు. పెట్టాను, సగం పోయింది. గట్టిగా అడిగితే వారంటీ కింద పంపమన్నారు, నెల పడుతుందట. ఇప్పుడెలా పంపను? దారిలో కనిపించినప్పుడల్లా ఆ పెద్దాయన "తాయెత్తు పిట్ట మళ్లీ వచ్చిందా?" అని అడుగుతున్నాడు. ఎండలు ముదిరి పిట్టలు ఉత్తరానికి వెళ్లిపోయాక పార్సిల్ కడతాను.