గీజర్‌ను 42 డిగ్రీల దగ్గర పెట్టి వెళ్తామంటే ఒప్పుకోకండి

హీట్ పంప్ గీజర్ (చుట్టూ ఉన్న గాలిలోని వేడిని లాగి నీళ్లు కాచేది) కొనే ఆలోచనలో ఉంటే ముందు మా కథ వినండి.

బిగించడానికి వచ్చినతను ఎకో మోడ్‌లో 42 డిగ్రీలకు పెట్టి, "స్నానానికి ఇంతకన్నా వేడెందుకండీ? కరెంటు మిగులుతుంది, ఇక దీన్ని ముట్టుకోకండి" అన్నాడు. సబబుగానే అనిపించింది. నీళ్లు తక్కువ వేడికి కాగితే హీట్ పంప్‌కు కరెంటు తక్కువ పడుతుందన్నది నిజమే, బిల్లూ తగ్గింది. నాలుగు నెలలు తిరిగేసరికి వేడినీళ్లలో కుళ్లిన గుడ్ల వాసన మొదలైంది. షవర్ విప్పి చూస్తే లోపలంతా జిగురు. ఫోన్ చేస్తే "మీ నీళ్లే అలాంటివి" అన్నారు. మరి చన్నీళ్లకు ఆ వాసన లేదేం అంటే జవాబు లేదు.

వేరే ప్లంబర్‌ను పిలిస్తే అసలు సంగతి తెలిసింది. గోరువెచ్చగా నిలవుండే నీళ్లలో రకరకాల బ్యాక్టీరియా పెరుగుతుంది, ఆ వాసన, జిగురు అలా వచ్చేవే. అంతకన్నా భయపెట్టేది ఇంకోటుంది. 20 నుంచి 45 డిగ్రీల మధ్య నిలవుండే నీళ్లలో లీజియోనెల్లా అనే బ్యాక్టీరియా హాయిగా పెరుగుతుంది. 1976లో ఫిలడెల్ఫియా హోటల్లో దిగినవాళ్లు వరసగా నిమోనియాతో పడిపోయింది దీనివల్లే. షవర్ తుంపరలతో పాటు ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మా ట్యాంకులో అదే ఉందని అనను, పరీక్ష చేయించలేదు. కానీ ఇంట్లో వయసు మీదపడ్డవాళ్లున్నారు, నాకు నిద్ర పట్టలేదు.

ఒళ్లు మండింది ఎక్కడంటే, ఇలాంటి బ్యాక్టీరియాను చంపడానికే ఆ గీజర్‌లో వారానికోసారి నీళ్లను 60 డిగ్రీలు దాటించే సైకిల్ కంపెనీవాళ్లే పెట్టారు. బిగించినతను దాన్ని ఆపేసి వెళ్లాడు!

ఇప్పుడు 60కి పెట్టాం. ట్యాంకు కడిగించి, లోపలి యానోడ్ రాడ్ (ట్యాంకుకు తుప్పు పట్టకుండా కాపాడే కడ్డీ) మార్పించాక వాసన పోయింది. అయితే 60 డిగ్రీల నీళ్లు ఐదారు సెకన్లలోనే ఒళ్లు కాల్చేస్తాయి, పిల్లలుంటే మరీ ప్రమాదం. అందుకే ట్యాంకు నుంచి బయటికొచ్చే దగ్గర చన్నీళ్లు కలిపే మిక్సింగ్ వాల్వ్ ఉండాలి. అది విడిగా కొనాలని మాకెవరూ చెప్పలేదు, కొనేటప్పుడే అడగండి. ఊరెళ్లి వచ్చిన రోజు ట్యాంకు పూర్తిగా కాగాకే షవర్ తిప్పండి.

కరెంటు ఆదా కావాలంటే వేడినీళ్ల పైపులకు ఇన్సులేషన్ చుట్టించండి, అవసరానికి మించిన ట్యాంకు కొనకండి. ఆ సైకిల్ ఆన్‌లో ఉందో లేదో మాత్రం బిగించిన మనిషి గడప దాటకముందే అతనిచేతే చూపించుకోండి.